కలూవా వేసిన చీజ్‌కేక్ బార్స్: ఎంత వేయాలి, బేక్ చేస్తే ఆల్కహాల్ నిజంగా పోతుందా?

డాలస్‌చెల్లి:
అందరికీ నమస్తే. సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే వీకెండ్‌లో ఆదివారం సాయంత్రం మా బ్యాక్‌యార్డ్‌లో పాట్‌లక్ ఉంది, పిల్లలతో కలిపి పాతిక మంది దాకా వస్తారు, డిజర్ట్ నా వంతు. గులాబ్ జామూన్, రసమలై ఎప్పుడూ ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు కాబట్టి ఈసారి కలూవా అనే కాఫీ లిక్కర్ వేసిన చీజ్‌కేక్ బార్స్ చేద్దామనుకుంటున్నాను. ఆఫీసులో ఒకావిడ తెస్తే తిన్నాను, కింద ఓరియో పొడి, మధ్యలో కాఫీ రుచితో మెత్తటి చీజ్‌కేక్, పైన పల్చగా చాక్లెట్. చాలా బాగుంది. నాకు మామూలు చీజ్‌కేక్ అలవాటే, లిక్కర్ వేసి మాత్రం ఎప్పుడూ చేయలేదు.

రెండు సందేహాలు. ఒకటి, నేను చూసిన రెసిపీల్లో ఒకదాంట్లో రెండు టేబుల్‌స్పూన్లు వేయమన్నారు, ఇంకోదాంట్లో ఏకంగా అర కప్పు. అర కప్పు పోస్తే అసలు గట్టిపడుతుందా? రెండోది నాకు ఇంకా ముఖ్యం. పిల్లలు ఎనిమిది మంది ఉంటారు, ఒక ఫ్రెండ్‌కి ఆరో నెల, మా అత్తయ్యగారు మావయ్యగారు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, ఇద్దరూ మందు వాసన కూడా పడనివాళ్లు, పైగా అత్తయ్యగారు గుడ్డు తినరు. ఓవెన్‌లో పెడితే ఆల్కహాల్ మొత్తం పోతుందని అందరూ అంటారు, అది నిజమేనా?

పిండీవెన్నా:
మొదటి ప్రశ్నకి చెప్తాను. అర కప్పు వద్దండి. 9 బై 13 అంగుళాల ప్యాన్‌కి మామూలుగా మూడు ప్యాకెట్ల క్రీమ్ చీజ్ పడుతుంది, అంటే 24 ఔన్సులు, దానికి పావు కప్పు కలూవా సరిపోతుంది, అంతకు మించి పోస్తే పిండి పల్చబడి మధ్యలో గట్టిపడదు, గట్టిపడే దాకా ఉంచుదామంటే అంచులు ఎండిపోతాయి. అసలు సంగతేమిటంటే కాఫీ రుచి కలూవా నుంచి రాదు. అది రమ్ము, మెక్సికో కాఫీ, బోలెడంత చక్కెర కలిపిన తియ్యటి ద్రవం, దాంట్లోంచి మీకు దొరికేది వెనిల్లా, కాస్త మాడిన చక్కెర లాంటి వాసన. క్రీమ్ చీజ్‌లో కొవ్వు ఎక్కువ కదా, ఆ కొవ్వు కాఫీ చేదుని మింగేస్తుంది, అందుకే ఉత్త కలూవాతో చేసినవి తింటే తియ్యగా ఏదో ఉందనిపిస్తుందే గానీ కాఫీ అనిపించదు. ఇన్‌స్టంట్ ఎస్ప్రెసో పొడి ఒక టేబుల్‌స్పూన్ తీసుకుని ఆ కలూవాలోనే కరిగించి పోయండి. నీళ్లలో కరిగిస్తే అనవసరంగా ఇంకాస్త నీళ్లు చేరతాయి. చక్కెర కూడా కప్పు అని ఉంటే ముప్పావు కప్పుకి కాస్త పైన ఆపేయండి, తీపి కలూవాలో ఎలాగూ ఉంది.

క్రీమ్ చీజ్ ఇటుక ఆకారంలో వచ్చేదే కొనండి, డబ్బాలో వచ్చే స్ప్రెడ్ వద్దు. పక్కనే అదే రంగు పెట్టెలో మూడో వంతు కొవ్వు తక్కువ అని ఇంకోటి ఉంటుంది, అదీ వద్దు, దాంట్లో నీళ్లు ఎక్కువ. గంట ముందే బయట పెట్టి మెత్తబడ్డాక ఒక్కదాన్నే నున్నగా గిలక్కొట్టండి, తర్వాతే చక్కెర, సవర్ క్రీమ్, కలూవా. గుడ్లు అన్నిటికన్నా చివర, అవి పడ్డాక మిక్సర్ తక్కువ స్పీడ్‌లో, కలిసిందా లేదా అన్నంత వరకే. అప్పుడు ఎక్కువ గిలక్కొడితే గాలి చేరి ఓవెన్‌లో పొంగి, బయటికి తీశాక కుంగి పగుళ్లు వస్తాయి.

హైవే75:
ఇంత ఆలోచన ఎందుకండీ, పావు కప్పు పాతిక మందికి పంచితే ఎవరికి ఏం తెలుస్తుంది. ఓవెన్‌లో అరగంట ఉంటే ఆవిరైపోతుంది. చెప్తేనే గొడవ, చెప్పకపోతే అందరూ ఇష్టంగా తింటారు.

ల్యాబ్‌కోటు:
హైవే75 గారూ, దీనికి నేను ఒప్పుకోను. ముందు లెక్క చూద్దాం. ఆల్కహాల్ 173 ఫారెన్‌హీట్ దగ్గర మరుగుతుంది కాబట్టి ఓవెన్‌లో మొత్తం పోతుందని అందరూ అనుకుంటారు, కానీ అది నీళ్లతో, చక్కెరతో, కొవ్వుతో కలిసి ఉన్నప్పుడు అలా ఒక్కసారిగా లేచిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో దీనికి అంకెలు ఉన్నాయి, పిండిలో కలిపి బేక్ చేసినప్పుడు 15 నిమిషాలకి 40 శాతం, అరగంటకి 35 శాతం, గంటకి 25 శాతం, రెండున్నర గంటలు ఉంచినా 5 శాతం మిగులుతుంది. పైగా చీజ్‌కేక్ లోపల వేడి 150 ఫారెన్‌హీట్ దాటకుండానే తీసేస్తాం, కాబట్టి ఆ 35 శాతాన్ని కనీసం అనుకోవడమే మంచిది.

ఇప్పుడు మీ ప్యాన్‌కి వద్దాం. కలూవా సీసా మీద ఇప్పుడు 16 శాతం అని ఉంటుంది, పాత సీసాలైతే 20. పావు కప్పు అంటే 60 మి.లీ., అందులో అసలు ఆల్కహాల్ 9.6 మి.లీ. దాన్ని 24 ముక్కలు చేస్తే ముక్కకి 0.4, బేక్ అయ్యాక కనీసం 0.14 మి.లీ. మిగులుతుంది. అమెరికాలో ఒక డ్రింక్ అని లెక్కపెట్టేది దాదాపు 18 మి.లీ. కాబట్టి మత్తు ఎవరికీ ఎక్కదు, ఆ భయం అక్కర్లేదు.

కానీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అనే మాట నాకు అస్సలు నచ్చలేదు. మందు ముట్టని పెద్దవాళ్లు చుక్క కూడా వద్దనుకుంటారు, చుక్క ఎంతన్నది వాళ్లు చూసుకోరు. మన కూరలో ఎముక రసం కొంచెమే ఉంది కదా అని శాకాహారికి చెప్పకుండా వడ్డిస్తామా? ఆరో నెల ఆవిడకీ అంతే. గర్భంతో ఉన్నప్పుడు ఇంత వరకూ పర్వాలేదు అనే హద్దు ఏదీ డాక్టర్లు చెప్పరు, తినాలో వద్దో ఆవిడ నిర్ణయం, మనం చేయాల్సింది ముందే చెప్పడం.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ అని అమ్మేదాంట్లో అమెరికా నిబంధన ప్రకారం కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. అంటే చెంచాకి చెంచా కలూవా కన్నా రెట్టింపు పైనే. అత్తామామల కోసం విడిగా చేసేటట్టయితే అందులో వెనిల్లా గింజలో, పొడో వేయండి, లేదా మానేయండి.

డాలస్‌చెల్లి:
ల్యాబ్‌కోటు గారూ, వెనిల్లా సంగతి నాకు ఇప్పటి దాకా తెలియదు, చాలా థాంక్స్. చెప్పకుండా పెట్టే ఉద్దేశం నాకూ లేదు, అందుకే అడిగాను. అయితే రెండు రకాలు చేయాలి, ఒకటి కలూవాది, ఇంకోటి లిక్కర్, గుడ్డు రెండూ లేనిది. ఒకే పిండిని సగం సగం చేస్తే అవుతుందా, లేక మొదటి నుంచీ విడిగానే కలపాలా?

పిండీవెన్నా:
క్రీమ్ చీజ్ మెత్తగా గిలక్కొట్టడం వరకూ కలిపే చేయండి, తర్వాత రెండు గిన్నెల్లోకి మార్చేయండి. 9 బై 13 బదులు 8 బై 8 ప్యాన్లు రెండు తీసుకుంటే వైశాల్యం దాదాపు అంతే, ఒక్కోదాన్ని పదహారు ముక్కలు కోస్తే 32 అవుతాయి, మీ మందికి బాగా సరిపోతాయి.

కలూవా ప్యాన్‌కి 12 ఔన్సుల క్రీమ్ చీజ్, అంటే ఒకటిన్నర ప్యాకెట్, అర కప్పుకి కొంచెం తక్కువ చక్కెర, పావు కప్పు సవర్ క్రీమ్, ఒక గుడ్డు, దానికి తోడు ఇంకో గుడ్డులో పచ్చసొన మాత్రమే, రెండు టీస్పూన్ల మైదా, రెండు టేబుల్‌స్పూన్ల కలూవా, అందులో కరిగించిన ఒకటిన్నర టీస్పూన్ల ఎస్ప్రెసో పొడి. ఆ ఒక్క పచ్చసొన మానకండి, అదనంగా పోసిన ద్రవాన్ని పట్టి ఉంచేది అదే. కింద ఓరియోలు పద్దెనిమిది, క్రీమ్‌తో సహా పొడి చేసి మూడు టేబుల్‌స్పూన్ల కరిగిన వెన్న కలిపి గ్లాసు అడుగుతో గట్టిగా అదిమి, 325 ఫారెన్‌హీట్ దగ్గర పది నిమిషాలు విడిగా బేక్ చేయండి. ఇలా ముందు బేక్ చేయకపోతే తడి కిందికి దిగి మర్నాటికి అడుగు మెత్తబడుతుంది.

తర్వాత పిండి పోసి అదే 325 దగ్గర 28 నుంచి 32 నిమిషాలు, కానీ గడియారం కన్నా ప్యాన్‌నే చూడండి. మెల్లగా కదిపితే అంచులు కదలకూడదు, మధ్యలో మాత్రం జున్నులా తొణకాలి. అప్పుడే ఓవెన్ ఆపేసి తలుపు కొంచెం తెరిచి అరగంట అలాగే వదిలేయండి, మిగతాది ఆ వేడికే గట్టిపడుతుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో 150 చాలు. బార్స్ పల్చగా ఉంటాయి కాబట్టి వాటర్ బాత్ అక్కర్లేదు.

సీసా విషయం. కలూవా హెచ్‌ఈబీ లాంటి సూపర్‌మార్కెట్లో దొరకదు, టెక్సాస్‌లో స్పిరిట్స్ లిక్కర్ స్టోర్‌లోనే కొనాలి, అవి ఆదివారం మూసేస్తారు, శనివారం కూడా రాత్రి తొమ్మిదింటికే. మీరు ఎలాగూ శనివారమే బేక్ చేయాలి కాబట్టి శుక్రవారమే తెచ్చేసుకోండి. పెద్ద సీసా కొనక్కర్లేదు, కౌంటర్ దగ్గర 50 మి.లీ. బుల్లి సీసాలు పెడతారు, ఒక్కటి చాలు, మూడు టేబుల్‌స్పూన్లకు కొంచెం పైనే వస్తుంది.

కూకట్‌పల్లి_ఓటీజీ:
అమ్మా, రెండో ప్యాన్ గురించి నేను చెప్తాను, మా ఇంట్లో గుడ్డు అస్సలు రానివ్వరు కాబట్టి నేను చేసేదంతా ఎగ్‌లెస్సే. 12 ఔన్సుల క్రీమ్ చీజ్‌లో చక్కెర వేయకండి, దాని బదులు కండెన్స్‌డ్ మిల్క్ అర డబ్బా, 200 గ్రాములు. గట్టి పెరుగు పావు కప్పు, మీకు అక్కడ గ్రీక్ యోగర్ట్ దొరుకుతుంది కదా అదే వేసేయండి, వడగట్టే పని తప్పుతుంది. కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్‌స్పూన్, ఇక్కడ గుడ్డు పని చేసేది అదే, ఆ పెరుగులో ఉండల్లేకుండా కలిపి వేయాలి.

కాఫీకి మాత్రం ఇన్‌స్టంట్ వద్దు, డికాక్షన్ తీయండి. మన స్టీల్ ఫిల్టర్ ఉంటే అందులో నాలుగు చెంచాల పొడి నింపి అర కప్పు వేణ్ణీళ్లు పోసి రాత్రంతా దిగనివ్వండి, మొదటి డికాక్షన్ మాత్రమే వాడాలి, రెండోసారి పోసిన నీళ్లు దీనికి పనికిరావు. దిగిన దాంట్లో రెండు టేబుల్‌స్పూన్ల బ్రౌన్ షుగర్ వేసి సన్న మంట మీద తేనె లాగా అయ్యే వరకు మరిగించి చల్లారాక రెండు టేబుల్‌స్పూన్లు పిండిలో కలపండి. కలూవాలో ఉండే చిక్కదనం, తీపి, చేదు మూడూ దీంట్లో వస్తాయి, రమ్ము వాసన ఒక్కటే ఉండదు, అది లేకపోయినా నాకైతే లోటు తెలియదు.

ఇక్కడ నాది ఒక గట్టి అభిప్రాయం. తాగడానికి చికోరీ లేని పొడి ఎంత బాగున్నా చీజ్‌కేక్‌కి చికోరీ కలిసిన పొడే మంచిది. 80 పాళ్లు కాఫీకి 20 పాళ్లు చికోరీ వేసినది తీసుకోండి. ఆ చేదు, ఆ నల్లటి రంగు ఉంటేనే ఇంత కొవ్వు మధ్యలో కాఫీ నిలబడుతుంది. మీ అత్తామామలు వచ్చేటప్పుడు అరకు పొడి తెచ్చి ఉంటే దాన్ని ఇందులో పోయకండి, అది అరబికా, సున్నితమైన వాసన, పొద్దున్నే వేడి పాలతో కలిపి ఇస్తే మావయ్యగారు సంతోషిస్తారు.

ఎగ్‌లెస్ ప్యాన్ ఓవెన్‌లోంచి తీసినప్పుడు ఇంకా పల్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ లోపల పెట్టొద్దు. 325 దగ్గర 35 నిమిషాలు, తర్వాత ఫ్రిజ్‌లో రాత్రంతా. ఓటీజీలో చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, 160 సెల్సియస్ పెట్టి పై రాడ్ ఆపేసి కింది రాడ్ మీదే చేయండి, అడుగున ఒక గిన్నెలో వేణ్ణీళ్లు ఉంచండి. చిన్న ఓవెన్లో పై రాడ్ మరీ దగ్గరగా ఉంటుంది, పైభాగం ఎర్రబడి పగులుతుంది. క్రీమ్ చీజ్ దొరక్కపోతే నీళ్లు పూర్తిగా వడిచిన పెరుగు సగం, మెత్తగా మిక్సీ పట్టిన పనీర్ సగం కలిపి చేయొచ్చు, రుచి వేరుగా ఉంటుంది గానీ బాగుంటుంది.

హైవే75:
సరే, రెండు ప్యాన్లంటే ఇంకేం గొడవ లేదు. కానీ టేబుల్ మీద పెట్టాక పిల్లలు చీటీలు చదువుతారా? పది నిమిషాల్లో రెండూ కలిసిపోతాయి.

అమ్మ_ఇద్దరు_పిల్లలు:
ఈ మాట మాత్రం హైవే75 గారు కరెక్ట్‌గా చెప్పారు. చీటీ ఒక్కటే సరిపోదు, ముక్క ప్లేటులోకి వెళ్లాక కూడా చూడగానే ఏది ఏదో తెలియాలి. కలూవాదానికి నల్ల ఓరియో అడుగు ఉంది కాబట్టి రెండోదానికి గ్రాహమ్ క్రాకర్, అంటే లేత రంగు గోధుమ బిస్కెట్ల అడుగు వేయండి. పది షీట్లు పొడి చేసి నాలుగు టేబుల్‌స్పూన్ల వెన్న, రెండు టేబుల్‌స్పూన్ల చక్కెర. దూరం నుంచే తేడా తెలుస్తుంది, పిల్లలకి "నల్ల అడుగుది పెద్దవాళ్లది, తెల్లదే మీది" అని ఒక్క మాట చెప్తే చాలు. వీలైతే కలూవా ప్యాన్‌ని పెద్దవాళ్లు కూర్చునే వైపు, ఎత్తు మీద పెట్టండి.

ఇంకా రెండు జాగ్రత్తలు. సవర్ క్రీమ్ కొనేటప్పుడు వెనకాల పదార్థాల జాబితా చదవండి, కొన్ని బ్రాండ్లలో జెలటిన్ కలుపుతారు, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది. గుడ్డు తినని పెద్దావిడ ఉన్న ఇంట్లో అది తప్పకుండా చూడాలి. యోగర్ట్‌లో కూడా కొన్నిటికి ఉంటుంది. పాలు, క్రీమ్, కల్చర్ అని మాత్రమే రాసి ఉన్నవి తీసుకుంటే సరి. రెండోది, సాయంత్రం పార్టీ, చిన్న పిల్లలు కాఫీ ఉన్న ముక్కలు రెండు మూడు తింటే రాత్రి నిద్రపోరు. నేనైతే డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన పొడితో డికాక్షన్ తీస్తాను. వాసన కాస్త తగ్గుతుంది గానీ పిల్లలున్న ఇంట్లో అదే నయం. అది కుదరకపోతే పిల్లల కోసం ఎగ్‌లెస్ ప్యాన్‌లో ఒక మూల కాఫీ కలపకుండా తెల్ల పిండి పోసేయండి.

డాలస్‌చెల్లి:
ఎంత వివరంగా చెప్పారో, అందరికీ థాంక్స్. నల్ల అడుగు, తెల్ల అడుగు ఐడియా చాలా నచ్చింది, అదే చేస్తాను. ఆరో నెల ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను, తను డీకాఫ్ దానికే ఓటేసింది. అత్తయ్యగారికి చెప్తే ఫిల్టర్ డికాక్షన్ నేను తీసి పెడతానన్నారు, ఇంట్లో ఆవిడే రోజూ తీసేది.

చివరిగా ఇంకో రెండు. 50 మి.లీ. సీసాలో రెండు టేబుల్‌స్పూన్లు పోగా ఇంకో టేబుల్‌స్పూన్ మిగులుతుంది, దాన్ని పైన వేసే చాక్లెట్ గనాష్‌లో కలపొచ్చా? ఇంకోటి, బయట ఆరింటికి కూడా ఎండ మండిపోతుంటుంది, ఎంతసేపు టేబుల్ మీద ఉంచొచ్చు?

ల్యాబ్‌కోటు:
కలపొచ్చు, కానీ ఇది చూసి కలపండి. గనాష్ బేక్ అవ్వదు. వేడి క్రీమ్‌లో కలిపి దించేస్తే 85 శాతం దాకా ఆల్కహాల్ అలాగే ఉంటుంది. ఒక టేబుల్‌స్పూన్‌లో 2.4 మి.లీ., అందులో దాదాపు 2 మి.లీ. పైపూతలోనే మిగిలిపోతుంది. లోపల రెండు టేబుల్‌స్పూన్లు బేక్ అయ్యాక మిగిలేది కనీసం 1.7. అంటే పైన పూసే ఆ ఒక్క చెంచాలోనే దాదాపు లోపలి రెండు చెంచాల్లో మిగిలినంత ఉంటుంది. కలూవా ప్యాన్ పెద్దవాళ్లకే కాబట్టి వేయండి, వాసన చాలా బాగుంటుంది, కాకపోతే తిని డ్రైవ్ చేసేవాళ్లకి, మందులు వాడేవాళ్లకి అడిగితే నిజమే చెప్పండి.

బయట ఉంచే సంగతి. గది వేడిలో రెండు గంటలు, బయట 90 ఫారెన్‌హీట్ దాటితే ఒక గంట మాత్రమే, ఇది కూడా వ్యవసాయ శాఖ చెప్పే నియమమే, పాలు, చీజ్ ఉన్న దేనికైనా వర్తిస్తుంది. డాలస్‌లో సెప్టెంబర్ మొదటి వారం సాయంత్రం అంటే గంటే అనుకోండి. మొత్తం ఒకేసారి పెట్టకుండా ఎనిమిదేసి ముక్కలు బయటికి తెస్తూ మిగతావి ఫ్రిజ్‌లో ఉంచుకోండి.

పిండీవెన్నా:
గనాష్‌కి ప్యాన్‌కి నాలుగు ఔన్సుల డార్క్ చాక్లెట్, అర కప్పు హెవీ క్రీమ్. ఎగ్‌లెస్ దానికి కూడా అదే, కలూవా లేకుండా, ముందు దాన్ని పూసేసి తర్వాత రెండోది కలపండి, గరిటె మారిపోకుండా ఉంటుంది. శనివారం రాత్రికి బార్స్ పూర్తిగా చల్లారాకే పూయాలి, వేడి మీద పూస్తే చీజ్‌కేక్‌లోకి దిగిపోతుంది.

కోసేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోయండి. ప్యాన్‌లో పార్చ్‌మెంట్ కాగితం రెండు వైపులా బయటికి వచ్చేలా ముందే వేసుకుంటే మొత్తం ఒక్కసారి పైకి లేస్తుంది. పొడవాటి కత్తి వేణ్ణీళ్లలో ముంచి, తుడిచి, ఒక్కసారి కిందికి నొక్కి లాగేయాలి, రంపంలా ముందుకూ వెనక్కూ కోయకూడదు. ప్రతి కోతకీ తుడవండి, లేకపోతే ఓరియో నలుపు తెల్ల పిండి మీద పడుతుంది. అత్తయ్యగారి ప్యాన్‌ని ముందు కోయండి, అదే కత్తి రెండిటికీ వాడకండి.